ఇంటి సర్వరు - ఎవరి స్వాతంత్ర్యం?

ఇంట్లో ఒక మూల పాత కంప్యూటరు పెట్టి, దాన్ని సర్వరుగా మార్చి, ఇంటిల్లిపాది ఫోటోలూ పుస్తకాలూ పాటలూ లెక్కలూ దానిలో దాచుకోవటం రాజకీయ చర్య అవుతుందా? ప్రశ్న పైకి హాస్యాస్పదంగా కనిపించవచ్చు. బీరువా కొనుక్కోవటం రాజకీయ చర్య కానప్పుడు ఇది మాత్రం ఎందుకవుతుంది? కాని రెండేళ్ళ క్రితం నేను ఆ పని చేసినప్పుడు మిత్రులిద్దరు చెరొక వైపునుంచి నాతో తగవు పెట్టుకున్నారు. ఒకాయన, "ఇది మధ్యతరగతివాడి రాట్నం. మీరు వడికే నూలుతో మిల్లులు మూతపడవు" అన్నాడు. రెండో ఆయన మహోత్సాహంతో, "పెట్టుబడిదారుల చేతిలోంచి మొదట విముక్తమైన ప్రాంతం మీ ఇల్లే" అన్నాడు. ఇద్దరూ వామపక్షంవారే. ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం లేకపోలేదు. ఐతే ఇద్దరికీ తట్టని సంగతి ఒకటున్నది. అది నాకూ తట్టలేదు. మా అమ్మాయి చెబితే తెలిసింది. దాని దగ్గిరికి తరవాత వస్తాను.

ముందు ఈ పని ఏమిటో చెప్పాలి. సాంకేతిక విషయం రాగానే రెండు పెద్ద మాటలు వాడి, వస్తువును చూడకుండా దాటిపోవటం మన విమర్శకులకు అలవాటైపోయింది. చూడని వస్తువుమీద తీర్పు చెప్పటం భౌతికవాదం కాదు.

మా ఇంట్లో నాలుగు ఫోన్లూ, రెండు కంప్యూటర్లూ, ఒక టెలివిజనూ ఉన్నాయి. ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీవాడు ఒక చిన్న పెట్టె బిగించి పోయాడు. దాన్ని రూటరంటారు. ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక అంకెల చిరునామా ఇచ్చేది ఆ పెట్టే. ఆ అంకెలు సాధారణంగా 192.168 అని మొదలవుతాయి. 1996లో చేసుకున్న ఒక ఏర్పాటు ప్రకారం ఈ అంకెలు ఇంటి లోపల మాత్రమే చెల్లుతాయి. మన ఇళ్ళల్లో పిల్లల్ని బుజ్జి అనీ చిట్టి అనీ పిలుచుకుంటాం. ప్రతి ఇంట్లోనూ ఒక బుజ్జి ఉంటాడు, ఇబ్బందేమీ లేదు. కాని పోస్టుమాన్‌కు బుజ్జి అంటే ఎవరో తెలియదు. ఈ చిరునామాలూ అంతే.

నేను పాత సామాన్ల దుకాణంలో ఏడువేలు పెట్టి, ఎవరో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న కంప్యూటరు కొన్నాను. కొత్తవి రెండు డిస్కులు కొని, ఒకదానిలో రాసింది రెండోదానిలో కూడా పడేటట్టు అమర్చాను. ఒకటి చెడితే రెండోది మిగులుతుంది. (రెండూ ఒకే పెట్టెలో ఉన్నవి గనక దొంగపడినా పిడుగుపడినా రెండూ పోతాయి. ఈ మాట నాకు చాలా ఆలస్యంగా తోచింది. మూడో ప్రతి ఇప్పుడు మా తమ్ముడి ఇంట్లో ఉన్నది.) డెబియన్ అనే ఆపరేటింగు సిస్టం ఎక్కించాను. దానికి పైసా ఇవ్వనవసరం లేదు. ఇంట్లో అందరి యంత్రాలకూ ఫైళ్ళు అందించటానికి సాంబా అనే ప్రోగ్రామున్నది. ఇది 1990ల మొదట్లో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా విద్యార్థి మొదలుపెట్టింది. రూటరునుంచి ఆ పెట్టెకు తీగ వేశాను. పెట్టె సుమారు నలభై వాట్లు తింటుంది. అంటే రోజుకు ఇంచుమించు ఒక యూనిటు కరెంటు. మే నెలలో దాని ఊపిరి వినిపిస్తుంది.

మొత్తం మీద మూడు ఆదివారాల పని. మొదటి ఆదివారం ఏమీ పని చెయ్యలేదు. రెండో ఆదివారం మా అమ్మకు ఆమె చిన్ననాటి హరికథల రికార్డులు టెలివిజన్లో వినిపించాను. ఆ సాయంత్రం నాకు కలిగిన గర్వం, నాకు తెలిసి, ఏ పుస్తకం రాసినప్పుడూ కలగలేదు.

ఇంత శ్రమ ఎందుకు? ఊరికే దొరుకుతున్నవాటిని వదులుకుని ఈ బాధ ఎందుకు పడాలి? దీనికి జవాబు చరిత్రలో ఉన్నది. ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసేశారు. మనదేశంలో ఒక తరం విద్యార్థుల స్నేహాలూ, కొట్లాటలూ, తొలి ప్రేమలూ అందులో ఉండేవి. మూసేవాడు ఆ తరాన్ని అనుమతి అడగలేదు. అడగవలసిన అవసరం వాడికి లేదు. ఫోటోలు ఎన్నైనా ఊరికే దాచిపెడతామన్న కంపెనీయే 2021 జూన్ 1నుంచి హద్దు పెట్టి, మించినదానికి అద్దె అడిగింది. వీటన్నిటికన్నా విచిత్రం 2009 జులైలో జరిగింది. అమెజాన్ కంపెనీ జనానికి అమ్మిన ఎలెక్ట్రానిక్ పుస్తకాలను, అమ్మినవాడికి హక్కు లేదన్న కారణంతో, కొనుక్కున్నవారి యంత్రాలలోంచి దూరంనుంచే చెరిపేసింది. డబ్బు వాపసు చేసింది; తరవాత క్షమాపణ కూడా చెప్పుకున్నది. చెరిపేసిన పుస్తకాలలో జార్జి ఆర్వెల్ రాసిన "1984" ఒకటి. ఆ పుస్తకానికి నోట్సు రాసుకున్న ఒక బడిపిల్లవాడికి నోట్సు మిగిలిందిగాని, అది దేనిమీద నోట్సో ఆ పాఠం పోయింది. ఆర్వెల్ రాజకీయాల విషయంలో మనకు పేచీలుండవచ్చు. అమ్మిన వస్తువును అర్ధరాత్రి ఇంట్లో జొరబడి పట్టుకుపోయే హక్కు అమ్మకందారుకు ఎక్కడిదన్న విషయంలో ఉండనక్కర్లేదు.

ఈ కథలలో తేలేదేమంటే, మన జ్ఞాపకాలు దాచుకునే చోటు మనది కానప్పుడు, ఆ జ్ఞాపకాలు మనవి అనటానికి మనకున్న ఆధారం ఆ చోటు గలవాడి దయ. కౌలుదారుకు పొలం మీద ఉన్నంత హక్కుకూడా మనకు వాటిమీద లేదు. కౌలుదార్లకు చట్టాలన్నా ఉన్నాయి.

ఇక మొదటి మిత్రుడి వాదానికి వద్దాం. ఆయన రాట్నం పేరెత్తటం యాదృచ్ఛికం కాదు. రాట్నాన్ని గురించి మన అభ్యుదయవాదులు ఒకప్పుడు చేసిన విమర్శ అందరికీ తెలిసిందే: వెనకటి ఉత్పత్తి సాధనానికి తిరిగి పోవటం మిల్లు యజమానిని ఓడించదు, మిల్లును యజమానినుంచి తీసుకోవటమే మార్గం. ఈ విమర్శ సరైనదే. ఐతే ఇంటి సర్వరుకు అది వర్తిస్తుందా? రాట్నం మిల్లుకంటె వెనకటిది. మా ఇంట్లో పెట్టె అటువంటిది కాదు. హెల్సింకీ విద్యార్థి ఒకడు 1991లో మొదలుపెట్టిన లినక్సు, 1983లో స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమం, వీటికి వేలాదిమంది ఎక్కడెక్కడినుంచో చేర్చిన శ్రమ, వీటన్నిటి ఫలితమే మా ఇంట్లో నడుస్తున్నది. గూగుల్, అమెజాన్ వంటి కంపెనీల మహా గిడ్డంగులలో నడిచేది కూడా ప్రధానంగా ఆ లినక్సే. అంటే మిల్లులో ఉన్న మరా, నా ఇంట్లో ఉన్న మరా ఒకటే. ఇంతటి సామాజిక ఉత్పత్తిని పంతొమ్మిదో శతాబ్దంవారు ఊహించి ఉండరు. అనేక దేశాల శ్రమ కలిసి చేసిన వస్తువు పైసా ఖర్చు లేకుండా అందరికీ అందుబాటులో ఉన్నది. దాని మీద వచ్చే లాభం మాత్రం కొద్ది కంపెనీల జేబులో పడుతున్నది. ఉత్పత్తి సామాజికం, స్వాయత్తం వ్యక్తిగతం అని మనం తరగతుల్లో పిల్లలకు చెప్పే సూత్రానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కాని రాట్నం మిత్రుడు మరో చోట సరిగ్గా చెప్పాడు. నా ఇంటి ఫోటోలను కంపెనీనుంచి వెనక్కి తీసుకోవటంవల్ల ఆ కంపెనీకి వెంట్రుకవాసి నష్టం లేదు. ఒక్క ఇంటి సమాచారానికి విలువ దాదాపు శూన్యం. కోటి ఇళ్ళ సమాచారం ఒక్కచోట కుప్పపడినప్పుడే, ఎవరు ఏది కొంటారో, ఎప్పుడు కొంటారో లెక్క కట్టే శక్తి దానికి వస్తుంది. పెట్టుబడి అయ్యేది ఆ కుప్ప, గింజ కాదు. ఒక గింజ తప్పుకున్నంతమాత్రాన కుప్ప తరగదు.

రెండో మిత్రుడి విముక్త ప్రాంతానికి సరిహద్దు ఎక్కడో చూద్దాం. పైన చెప్పిన ముద్దుపేర్ల చిరునామాలు పెట్టటానికి కారణం, ప్రపంచమంతటా చెల్లే అసలు చిరునామాలు కరువు కావటం. పాత పద్ధతిలో అవి మొత్తం సుమారు 429 కోట్లు మాత్రమే. కేంద్ర భాండాగారంలో ఉన్నవి 2011 ఫిబ్రవరిలో అయిపోయినాయి. అందుచేత మనదేశంలో కంపెనీలు అనేక ఇళ్ళను ఒకే చిరునామా వెనక నిలబెట్టాయి. ఈ ఏర్పాటులో ఇంట్లోంచి బయటికి పోయి అడగవచ్చు. బయటినుంచి ఎవరూ మన ఇంటికి వచ్చి తలుపు తట్టలేరు. కొత్త పద్ధతి చిరునామాలకు కరువు లేకపోయినా, తలుపు తెరిచి ఉంచటం, మూసి ఉంచటం కంపెనీ ఇష్టమే. నేను వేరే ఊళ్ళో ఉండగా నా సర్వరులోని పుస్తకం కావలసివస్తే, నడుమ ఎవడిదో అద్దె యంత్రాన్ని ఆశ్రయించాలి. విముక్త ప్రాంతానికి నాలుగు గోడలున్నాయి. ఆ గోడలకు అవతల రోడ్డు కంపెనీవాడిది, తీగ కంపెనీవాడిది, స్తంభం కూడా వాడిదే.

కాబట్టి ఒంటరి ఇల్లు చాలదు. ఈ మాటకు మన చరిత్రలోనే ఉదాహరణలున్నాయి. పుస్తకాలు కొనగలిగినవాడు ఇంట్లో బీరువా నింపుకోవటం ఎప్పుడూ ఉన్నదే. దానికి చరిత్రలో పేరు లేదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసినప్పుడు, 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయం తిరిగినప్పుడు, పుస్తకం ఇంట్లోంచి బయటికి వచ్చింది. స్పెయిన్‌లో కాటలోనియా ప్రాంతంలో 2004లో మొదలైన గిఫీ నెట్ అటువంటి పనే చేసింది. కంపెనీలు తీగ వెయ్యని పల్లెల్లో జనమే ఇంటినుంచి ఇంటికి అంటెనాలతో వల అల్లుకున్నారు. ఎవరు చేరితే వారి భాగం వారిది, వల మొత్తం అందరిదీ అని నియమం పెట్టుకున్నారు.

మనవాళ్ళు సాధారణంగా ప్రస్తావించటానికి ఇష్టపడని ఉదాహరణ కూడా చెప్పాలి. హవానా నగరంలో ఇంటర్నెట్టు దొరకని రోజుల్లో, కంప్యూటరు ఆటలు ఆడుకునే కుర్రాళ్ళు డాబామీదనుంచి డాబామీదికి తీగలు లాగి, అంటెనాలు కట్టి, ఎస్‌నెట్ అనే వీధి వల అల్లారు. పదివేల సంఖ్యల్లో జనం అందులో చేరారు. ప్రభుత్వానికి కోపం రాకుండా రాజకీయాలు మాట్లాడరాదని వాళ్ళే నియమం పెట్టుకున్నారు. 2019లో వచ్చిన నిబంధనలు వీధి దాటే తీగలనూ, బలమైన అంటెనాలనూ నిషేధించాయి. ఆ ఆగస్టులో కుర్రాళ్ళు నిరసన చెప్పారు; చివరికి ఆ వల ప్రభుత్వపు యువజన కంప్యూటరు క్లబ్బులలో కలిసిపోయింది. క్యూబాను ఊపిరాడకుండా దిగ్బంధించిన అమెరికా పాపం సంగతి నాకు తెలుసు. ఐనా శ్రామికుల పేరిట నడిచే రాజ్యం శ్రామికుల పిల్లలు సొంత చేతులతో అల్లిన వలను చూసి ఎందుకు భయపడిందన్న ప్రశ్న మిగిలే ఉన్నది. దిగ్బంధం ఆ ప్రశ్నకు జవాబు కాదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. ఇది ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

సర్వరు పెట్టిన ఆరునెలలకు దానిచేత ఇంకో పని చేయించాను. ఏ యంత్రమైనా ఒక స్థలానికి పోవాలంటే ముందు దాని పేరు చెప్పి అంకె అడగాలి. ఆ జవాబు చెప్పే పని ఇంటి సర్వరుకే అప్పజెప్పవచ్చు. అప్పుడు వ్యాపార ప్రకటనల స్థలాల పేర్లు అడిగితే "తెలియదు" అని చెప్పి, ప్రకటనలు ఇంట్లోకి రాకుండా చెయ్యవచ్చు. దీనికి పై-హోల్ అనే ప్రోగ్రామున్నది. చాలా ఉపయోగకరమైనది. ఐతే అది మామూలుగా తనను అడిగిన ప్రతి పేరునూ రాసి ఉంచుతుంది: ఏ యంత్రం, ఏ గంటకు, ఏ పేరు అడిగిందో. ఆ స్థలంలో ఏం చదివారో దానికి తెలియదు. ఎక్కడికి పోయారో తెలుస్తుంది. వీధి అరుగుమీద కూచున్న ముసలాయనకు తెలిసినంత.

నేను ఆ జాబితా చూడటం ప్రకటనలు ఎన్ని ఆగినాయో లెక్క చూసుకోవటానికే మొదలుపెట్టాను. ఇది నిజం. ఒక రాత్రి రెండుగంటల వేళ మా అమ్మాయి ఫోను ఒక పేరును పదేపదే అడిగి ఉండటం కనిపించింది. ఆ పేరేమిటో ఇక్కడ చెప్పను; చెబితే చేసిన తప్పే మళ్ళీ చేసినట్టవుతుంది. నాకు కంగారు పుట్టింది. మర్నాడు భోజనాల దగ్గిర, ఏమీ తెలియనట్టే, ఆ విషయానికి చుట్టంగా ఉన్న మరో విషయం ఎత్తాను. తండ్రులకు ఈ విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆమె నావైపు ఒకసారి చూసి అన్నం తినటం కొనసాగించింది. మరుసటి రోజునుంచి ఆమె ఫోను నా జాబితాలో కనిపించటం మానేసింది. ఇంటి వైఫై వదిలి, తన ఫోనులో కంపెనీవాడి డేటా వాడుకోవటం మొదలుపెట్టింది.

రెండు వారాలు ఆగి అడిగాను: "ఎవరినుంచి మిమ్మల్ని కాపాడాలని ఇదంతా పెట్టానో, వాడి దగ్గిరికే పోయావేమిటమ్మా? వాడు నీ ప్రతి అడుగూ లెక్కపెడతాడని తెలియదా?"

"తెలుసు నాన్నా. వాడు చూస్తే చూడనీ. వాడు నాతో కూచుని భోంచెయ్యడుగా" అన్నది.

నేను చాలా కాలం పౌరహక్కులను గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఏకాంతం ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పినప్పుడు మా కళాశాలలో సభపెట్టి వివరించాను. అదే తీర్పులో, ఏకాంతం పేరుచెప్పి ఇంట్లో స్త్రీలమీద జరిగే పెత్తనానికి ముసుగు వెయ్యరాదన్న స్త్రీవాదుల ఆక్షేపణ కూడా చర్చకు వచ్చింది. ఆ భాగాన్ని నేను ఆ సభలో ప్రస్తావించినట్టు గుర్తులేదు.

చట్టం ఎంతవరకు వస్తుందో చూడండి. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తి తన సొంత అవసరాలకూ ఇంటి అవసరాలకూ వాడుకునే సమాచారానికి వర్తించదని మూడో సెక్షన్లోనే చెబుతుంది. ఐరోపాలో 2018నుంచి అమల్లో ఉన్న చట్టంలోనూ ఇదే మినహాయింపు ఉన్నది. దీనికి కారణం అర్థం చేసుకోదగినదే. అన్నదమ్ముల ఫోను నెంబర్లు రాసి పెట్టుకున్నందుకు ఎవరిమీదా కేసులు పెట్టనక్కర్లేదు. కాని ఫలితమేమిటి? కంపెనీవాడు మా అమ్మాయి సమాచారం తీసుకోవటానికి పేరుకైనా సరే ఆమె సమ్మతి అడగాలి. నేను అడగనక్కర్లేదు. చట్టం మా గడపదాకా వచ్చి, చెప్పులు విప్పి, బయటే కూచున్నది.

ఇది కొత్త విషయం కాదు. ఉమ్మడి కుటుంబాల రోజుల్లో కోడలికి పుట్టింటినుంచి ఉత్తరం వస్తే మామగారు విప్పి చదివి, ఆ తరవాత లోపలికి పంపేవాడు. అందులో ఆయనకు తప్పు కనిపించేది కాదు. ఇంటి మంచిచెడ్డలు చూసేవాడు ఇంటికి వచ్చే ఉత్తరం చూడకపోతే ఎట్లా? పుట్టింటికి రాసే జవాబులో ఆ కోడలు ఏమి రాసి ఉంటుందో మనం ఊహించవచ్చు: ఇక్కడ అందరమూ క్షేమం. నా సర్వరు నన్ను ఆ మామగారి కుర్చీలో కూచోపెట్టింది. ఆయనకు లేని సౌకర్యం నాకున్నది: కవరు చించినట్టు తెలియదు.

మా అమ్మాయి చేసింది సబబేనా? ఈ ప్రశ్నను నేను చాలాసార్లు తిరగేసి చూశాను. కంపెనీవాడు భోజనానికి రాడన్నది నిజమే. కాని వాడు పోగుచేసింది మరొకరికి అమ్మవచ్చు. రేపు ఉద్యోగమిచ్చేవాడి బల్లమీదికీ, అప్పిచ్చేవాడి లెక్కల్లోకీ అది చేరవచ్చు. దూరపు చూపు హానిలేనిదని ఆమె అనుకోవటం పొరపాటు. ఐతే ఆ పొరపాటుకు చారిత్రకమైన పోలిక ఒకటున్నది. ఊళ్ళో దొర దగ్గిర వెట్టి చేసినవాడు పట్నం పారిపోయి మిల్లులో చేరాడు. మిల్లు యజమాని వాడి రక్తం పీల్చలేదని ఎవరూ అనరు. కాని అక్కడ భుజంమీది కండువా తియ్యనక్కర్లేదు. సాయంత్రం గేటు దాటితే వాణ్ణి ఎక్కడికి పోతున్నావని అడిగే దిక్కు లేదు. దొరకంటె షావుకారు మంచివాడని వాడు పారిపోలేదు. దొర చూపు ఇరవైనాలుగు గంటలదీ, షావుకారు చూపు పన్నెండు గంటలదీ గనక పారిపోయాడు. భూస్వామ్యంకంటె పెట్టుబడి ఒక అడుగు ముందున్నదని మనం చెప్పేది ఈ అర్థంలోనే. ఈ లెక్కన నేను స్థాపించినదేమిటి? పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుతో నడిచే చిన్న జమీందారీ. విముక్త ప్రాంతమన్న మిత్రుడికి ఈ మాట చెబితే కొంచెం నొచ్చుకున్నాడు.

చూసేవాడు మనకు చేసే హాని వాడి కళ్ళలో లేదు. మన జీవితంమీద వాడికున్న అధికారంలో ఉన్నది. కంపెనీ అధికారం వర్గంమీద, జనసమూహంమీద పనిచేస్తుంది. ఒక్కొక్కరికి దాని బరువు తెలియకుండా అందరినీ ఒకేసారి నొక్కుతుంది. ఇంటి పెద్ద అధికారం మనిషి పేరుపెట్టి పిలుస్తుంది. చదువూ, డబ్బూ, ప్రయాణమూ, పెళ్ళీ దాని చేతిలో ఉంటాయి. మన ఉద్యమం మొదటిదాన్ని గురించి చాలా రాసింది. రెండోదాన్ని గురించి రాసినవారిని వ్యక్తివాదులని ఈసడించిన సందర్భాలు కూడా నాకు గుర్తున్నాయి. ఒకదానికి వ్యతిరేకంగా పోరాడుతున్నానన్న తృప్తి రెండోది చెయ్యటానికి అనుమతి పత్రమవుతుందని నాకు ఇంట్లో అనుభవమైతేగాని తెలియలేదు.

తప్పు తెలిసింది గనక దిద్దుకున్నాను అనుకున్నాను. పేర్లు రాయవద్దని ఆ ప్రోగ్రాముకు చెప్పటానికి అందులోనే వీలున్నది. చెప్పాను. పాత జాబితా చెరిపేశాను. చెరిపేశానని ఇంట్లో ప్రకటించాను. మా అమ్మాయి విని, "మంచిది. రేపు మళ్ళీ రాయమంటే రాస్తుందా?" అని అడిగింది. రాస్తుంది. రాయవద్దన్న నోటితో రాయమనవచ్చు. ఇంట్లో ఎవరికీ తెలియనే తెలియదు. ఆ యంత్రంలో రూట్ అనే పేరుగల వాడుకరి ఉంటాడు. వాడికి తెరవరాని తలుపు లేదు. మామూలుగా పెట్టిన ఏ ఫైలునైనా వాడు చదవగలడు, చెరపగలడు. ఆ పేరుతో లోపలికి పోయే మాట నాకొక్కడికే తెలుసు. దయగల జమీందారు శిస్తు మాఫీ చేసినంతమాత్రాన శిస్తు వేసే అధికారం పోదు.

మరి అందరూ ఆ విద్య నేర్చుకుంటే సరిపోదా? ఈ సలహా ఇచ్చేవారు ఎప్పుడూ ఆ విద్య వచ్చినవారే. మా ఆవిడను అడిగితే, "నాకు పాటలు కావాలి. ఆ పెట్టెకు చాకిరీ చెయ్యటం కూడా నా నెత్తినే పెడతారా?" అన్నది. ఆమె చెప్పింది ఆలోచించదగ్గది. ముప్పై ఏళ్ళుగా వంటింట్లో ఏది ఎక్కడున్నదో ఆమెకే తెలుసు. ఆమె వారంరోజులు లేకపోతే నేను పస్తుండేవాణ్ణే. ఐనా ఆ జ్ఞానం ఆమెకు మామీద అధికారం ఇవ్వలేదు. మూడు ఆదివారాల్లో సంపాదించిన జ్ఞానం నాకు అధికారం ఇచ్చింది. జ్ఞానమే అధికారమని పాఠాలు చెప్పేవారు ఈ తేడాకు సమాధానం చెప్పాలి. నాకు తోచినంతలో, వంటిల్లు ఎవరి రహస్యాన్నీ రాసి ఉంచదు. అదీగాక ఇంట్లో ఎవరు చేసే పని పనిగానూ, ఎవరు చేసే పని విద్యగానూ లెక్కకు వస్తుందో యంత్రం రాకముందే నిర్ణయమై ఉన్నది.

చివరికి జరిగింది చెబుతాను. ఒక ఆదివారం మా అమ్మాయి, "రూట్ మాట నాకు చెప్పు" అన్నది. ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. చెప్పాను. రెండురోజులు ఆ పెట్టె ముందు కూచున్నది. మా ఆవిడ పాటలూ, మా అమ్మ హరికథలూ ఎప్పటిలాగానే వస్తున్నాయి. తన ఫైళ్ళను తన దగ్గిరే తాళంవేసి, తాళంతో సహా సర్వరులో పెట్టుకున్నది; అవి ఇప్పుడు రూట్‌కు కనిపిస్తాయిగాని అర్థం కావు. మా ముగ్గురికీ అదే పద్ధతి నేర్పింది. మా అమ్మ మాత్రం, తన దగ్గిర దాచుకునేవేమీ లేవనీ, ఉన్నవి ఆ పెట్టెలో పెట్టేవి కావనీ చెప్పి తప్పించుకున్నది.

ఆ తరవాత ఒకరోజు కొత్త ప్రోగ్రామేదో ఎక్కిద్దామని కూచుంటే, యంత్రం నా మాట ఒప్పుకోలేదు. మార్చేసింది. కాలేజీనుంచి వచ్చాక అడిగాను.

"ఏం ప్రోగ్రాము? దేనికి?" అన్నది.

దేనికో చెప్పవలసి వచ్చింది. విని, రేపు చూద్దామన్నది. ఇంటి వైఫైలోకి ఆమె ఫోను తిరిగి వచ్చిందో లేదో నాకు తెలుసుకునే దారి లేదు, జాబితా లేదు. ఆమె ఎందుకు అడిగిందని నాకు ఆ రాత్రి కోపం వచ్చిన మాట నిజం.